చెకరమ్మ ఆఖరి ప్రశ్న

బట్టల ఫ్యాక్టరీలో కుట్టు పూర్తయిన ప్రతి చొక్కా చివరికి ఆమె బల్ల మీదికే వచ్చేది. ఆమె దాన్ని తిరగేసి, భుజం దగ్గర కుట్టును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ లాగేది. కుట్టు నిలిస్తే మడతపెట్టి కుడివైపు గంపలో వేసేది. నోరు తెరిస్తే ఎర్ర దారం ముడివేసి ఎడమవైపు పడేసేది. ఎవరు కుట్టారన్నది ఆమెకు పట్టేది కాదు. అందుకే ఆ అంతస్తులో ఆమె అసలు పేరు ఎప్పుడో మరుగునపడి చెకింగ్ పనిని బట్టి వచ్చిన చెకరమ్మ అన్న పిలుపే మిగిలింది. ఆమెను ఇష్టపడేవాళ్లు కొద్దిమంది. ఆమె అన్యాయం చేసిందని అన్నవాళ్లు మాత్రం చాలాకాలం వరకు ఒక్కరూ లేరు.

ఆదివారాల్లో ఆమెకు ఇంకో పని ఉండేది. పూజ ముగిశాక చర్చి వెనక గదిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది. కన్ఫర్మేషన్ అని అందరూ అనే భద్రమైన అభ్యంగనానికి అక్కడి పిల్లలను సిద్ధం చేసే బాధ్యత ఆమెదే. పసితనంలో జ్ఞానస్నానం జరిగినప్పుడు బిడ్డకు మాటలు రావు. నమ్ముతున్నానన్న మాటను తల్లిదండ్రులు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి బిడ్డ తరఫున పలుకుతారు. ఊహ తెలిశాక ఆ మాటను తన నోటితో తానే పలికి, బిషప్‌గారి చేత నుదుటిమీద పరిమళ తైలంతో ముద్ర వేయించుకోవడమే ఈ అభ్యంగనం. ఆ ముద్ర జీవితంలో ఒక్కసారే పడుతుంది. పడ్డాక చెరగదు. దాన్ని పొందినవాడు ఇక మీదట నలుగురిలో తన విశ్వాసానికి సాక్షిగా నిలబడాలి.

ఇదంతా ఆమె పిల్లలకు తన పద్ధతిలో చెప్పేది.

“ఇంతకాలం మీరు అమ్మానాన్నల భుజాలెక్కి చర్చికొచ్చారు. ఇక దిగి నడవాలి. నడవడం ఇష్టం లేనివాళ్లు ఇంకొన్నాళ్లు భుజం మీదే ఉండండి, తప్పులేదు. దిగకుండా దిగానని మాత్రం చెప్పకండి.”

“టీచర్, భుజం మీదుంటే దారి బాగా కనపడుతుంది కదా,” అన్నాడు ఒకసారి వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు.

“కనపడుతుంది. మోసేవాడి నడుం నొప్పి కనపడదు,” అంది ఆమె. గది గొల్లుమంది. ఆమె నవ్వలేదు.

బిషప్‌గారు ఆ చర్చికి మూడేళ్లకోసారి వచ్చేవారు. ఆయన రాక ముందు చెకరమ్మ ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు వేసేది. అన్నీ అయ్యాక ఆఖరి ప్రశ్న ఒకటి ఉండేది. అది పుస్తకంలో లేదు. “ఇది నీకెందుకు?” అని అడిగేది. జవాబు ఎలా ఉన్నా, అది ఆ పిల్లల సొంత మాటే అయితే ఒప్పుకునేది. “మా అమ్మ రమ్మంది” అన్నవాళ్లను మాత్రం మృదువుగానే, “ఈసారికి ఆగు, వచ్చేసారి చూద్దాం” అనేది. ఆ చర్చి ఆనవాయితీ ప్రకారం అభ్యంగనం రోజున బిషప్‌గారు అందరి ముందూ ఆమెనే అడిగేవారు, వీళ్లంతా సిద్ధపడి తమంతట తామే వచ్చారా అని. వచ్చారని ఆమె చెప్పాకే తైలం పాత్ర మూత తీసేవారు. ఒక మనిషి మాట మీద అంత బరువు పెట్టడం మంచిదో కాదో గాని, ఆ బరువును ఆమె తేలిగ్గా తీసుకోలేదన్నది నిజం.

అలా ఆగినవాళ్లలో కాలరక్క కొడుకు ఒకడు. కాలరక్క అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, ఒకే షిఫ్టు, ఒకే బస్సు. ఆమె కొడుకు భవనాలకు రంగులు వేసేవాడు. నోరు తెరిస్తే వేళాకోళం. ఆఖరి ప్రశ్నకు “మా అమ్మ కొడుతుందని టీచర్” అన్నాడు. చెకరమ్మ ఆగమంది. మళ్లీ బిషప్‌గారు వచ్చేలోగా వాడు రంగు వేయడానికి కట్టిన పరంజా మీదనుంచి పడిపోయాడు. చావుబతుకుల్లో ఉన్నవాడికి బిషప్‌గారు లేకున్నా ఫాదర్‌గారే ఆ అభ్యంగనం ఇవ్వవచ్చు. కానీ వాడు పడ్డచోటే పోయాడు. నుదుట ముద్ర లేకుండానే శవపేటికలో పడుకున్నాడు. ముద్ర లేనంత మాత్రాన దేవుడు వాణ్ణి కాదనడని ఫాదర్‌గారు సమాధుల దగ్గర అందరికీ వినపడేలా చెప్పారు. కాలరక్క ఆ మాట విన్నదో లేదో. ఆ రోజు నుంచి బస్సులో చెకరమ్మ పక్క సీటు ఖాళీగానే ఉండేది.

చెకరమ్మ భర్త కూడా అదే ఫ్యాక్టరీ మనిషి. కొత్త జీన్స్ ప్యాంట్లను పాతబడినట్టు చూపించడానికి గొట్టంతో వాటిమీద ఇసుక కొట్టే గదిలో ఏళ్ల తరబడి పనిచేశాడు. మూతికి కట్టుకోవడానికి గుడ్డ తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ ఇసుక పొడి ఊపిరితిత్తుల్లో చేరి రాయిలా గడ్డకట్టింది. ఇప్పుడు ఆయన మంచం పక్కన గాలి యంత్రం పగలూ రాత్రీ ఒకే శ్రుతిలో మోగుతుంది. ముక్కులో సన్నటి గొట్టాలు. మంచం నుంచి కుర్చీలోకి మారడమే ఆయనకు పెద్ద ప్రయాణం.

“కొత్త ప్యాంట్లకి ముసలితనం తెప్పించే ఉద్యోగం కదా నాది. చివర్లో వాటిలో నేనూ ఒకణ్ణయిపోయాను,” అనేవాడు చూడటానికి వచ్చినవాళ్లతో. వాళ్లకు నవ్వాలో వద్దో తెలిసేది కాదు.

వాళ్లకు ఒక్కతే కూతురు. తండ్రి దాన్ని పిట్టా అని పిలిచేవాడు. ఈసారి బిషప్‌గారు వచ్చినప్పుడు ఆ పిల్లకు అభ్యంగనం జరగాలి. డాక్టర్లు చెప్పిన దాన్నిబట్టి, ఆ తర్వాతి రాక దాకా తండ్రి ఉండడు. ఆయన దానికోసమే ఊపిరి కూడదీసుకుంటున్నాడు. చర్చికి కుర్చీలో ఎవరెవరు మోసుకెళ్లాలో, చిన్న ఆక్సిజన్ సిలిండరు ఎవరు పట్టుకోవాలో ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. మధ్యాహ్నాలు వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం సాధన చేసేవాడు.

తరగతిలో పిట్టకు రాని జవాబు లేదు. చెకరమ్మ ఆమెను అందరికంటే చివర పిలిచింది. కన్నకూతురైనా వెనక గదిలో, అదే బల్ల దగ్గర, అదే వరసలో ప్రశ్నలు వేసింది. చివరికి అడిగింది.

“ఇది నీకెందుకు?”

“నాన్న కోసం.”

“నేను నాన్న గురించి అడగలేదు.”

“తెలుసు. నీకు ఎలాంటి జవాబు కావాలో కూడా తెలుసు. పవిత్రాత్మ ఇచ్చే బలం కోసం, సాక్షిగా నిలబడటం కోసం. చెప్పమంటే తడబడకుండా చెప్తాను.”

“మరి చెప్పు.”

“అమ్మకి చెప్పనా, టీచర్‌కి చెప్పనా?”

చెకరమ్మ పుస్తకం మూసింది. “ఇద్దరికీ చెప్పు.”

“నాకు నమ్మకం లేదమ్మా,” అంది పిట్ట. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “నాన్న దగ్గుతున్నప్పుడల్లా వంటగదిలో నిలబడి ప్రార్థన చేసేదాన్ని. ఒకరోజు మధ్యలో ఆగి విన్నాను. నా గొంతు తప్ప అవతల ఏమీ లేదనిపించింది. మళ్లీ మొదలుపెట్టబుద్ధి కాలేదు.”

“సందేహాలు అందరికీ వస్తాయి.”

“సందేహమైతే నీకు చెప్పేదాన్ని కాదు. దాచుకుని, పోతుందేమోనని చూసేదాన్ని. అయినా వస్తాను. ఆమెన్ అంటాను, నాన్నకి వినపడేలా గట్టిగా అంటాను. ఎవరికమ్మా నష్టం?”

చెకరమ్మ మూసిన పుస్తకాన్ని చంకలో పెట్టుకుని లేచింది. “పద, నాన్న ఒక్కరే ఉంటారు,” అంది.

మర్నాడు షిఫ్టు దిగి ఆమె ఫాదర్‌గారి దగ్గరికి వెళ్లింది. ఆయన వయసులో ఆమెకంటే చిన్నవారు. తొందరపడకుండా అంతా విన్నారు.

“నమ్మకం తూచే తక్కెడ నా దగ్గర లేదమ్మా. ఇష్టం లేనివాళ్లని తోయకూడదు, అంతవరకు స్పష్టం. ఆ అమ్మాయిని ఎవరూ తోయలేదు. తానే వస్తానంటోంది.”

“నమ్మనని కూడా అంటోంది ఫాదర్.”

“అంటోంది. ఆ రెండు మాటల్లో ఏది పెద్దదో మీకే బాగా తెలుస్తుంది. ఆపమని నేననను. పంపమనీ అనను. బిషప్‌గారు అడిగినప్పుడు మీరు ఏది నిజమనుకుంటే అది చెప్పండి.”

ఆయన చేతులు కడిగేసుకున్నారని ఆమెకు అనిపించింది. వెంటనే ఆ ఆలోచనకు సిగ్గుపడింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. తప్పు లేకపోవడం వల్లే ఆమెకు ఎటూ దారి కనపడలేదు.

ఆ మర్నాడు భోజనాల విరామంలో కాలరక్క ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. చేతిలో కాలర్ల కట్ట ఉంది గాని, వచ్చింది దానికోసం కాదు.

“ఏం చెకరమ్మా, పిట్టని ఆపుతున్నావట?”

“ఎవరు చెప్పారు?”

“అదే చెప్పింది. మా ఇంటికొచ్చి కూర్చుని ఏడ్చింది. నీ దగ్గర ఏడిస్తే కన్నీళ్లు కూడా లాగి చూస్తావని భయం కాబోలు.”

చెకరమ్మ చేతిలోని చొక్కా కింద పెట్టింది. “నీ పిల్లాడి విషయంలో పట్టిన పట్టు నా పిల్ల విషయంలో వదిలేస్తే, నీకు మొహం ఎలా చూపించను?”

“నా మొహం నువ్వు చూడకపోయినా ఇన్నాళ్లు బతికాను. వాణ్ణి అడ్డం పెట్టుకుని ఇంకో పిల్లని ఆపావంటే మాత్రం ఊరుకోను. నువ్విప్పుడు నీ కూతుర్ని కూడా ఆపితే నా కడుపు చల్లబడుతుందనుకున్నావా? ఆ మంచంలో మనిషిని చూడు. పోనీ, ఒక్కరోజు సంతోషంగా కూర్చోనీ.”

“అయితే అప్పుడు నేను చేసింది తప్పంటావా?”

“తప్పే,” అంది కాలరక్క, గుడ్డ మీద నూలుపోగు తీసేసినంత మామూలుగా. “వాడికి దేవుడంటే ఇష్టమే. వెటకారం కూడా ఇష్టమే. నీకు మాటని పట్టుకోవడం తెలుసు. మాటన్న మనిషి మాత్రం నీ చేతికి అందడు.”

ఆమె వెళ్లిపోయాక చెకరమ్మ ఒక చొక్కాను చూడకుండానే కుడివైపు గంపలో వేసింది. తర్వాత వెతికి బయటికి తీసి, మళ్లీ చూసింది.

కాలరక్క తిట్టి ఉంటే ఆమెకు సులువయ్యేది. నిష్ఠూరానికి బదులు చెప్పడం ఆమెకు తెలుసు. కానీ ఇప్పుడు కూతుర్ని పంపితే, ఆనాడు ఆ కుర్రాణ్ణి ఆపినందుకు తనకు తాను చెప్పుకుంటూ వచ్చిన ఒక్క సమాధానమూ కూలిపోతుంది. ఇది న్యాయబుద్ధా, పాత తీర్పును నిలబెట్టుకోవాలన్న పంతమా అని బస్సులో దారంతా ఆలోచించింది. రెండూ ఉన్నాయని తోచింది. ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీయడం తనవల్ల కాలేదు. అప్పుడామె తనలాంటి మనిషి మాత్రమే చేయగల పొరపాటు చేసింది. అభ్యంగనం చూడాలని ఆశపడుతున్నది భర్త కాబట్టి, నిజం తెలుసుకునే హక్కు ఆయనకే ఉందని నిర్ణయించుకుంది.

ఇంటికి చేరేసరికి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. కూతురు వంటగదిలో గిన్నెలు కడుగుతోంది.

“ఏవండీ, పిట్ట సంగతి ఒకటి చెప్పాలి.”

“ఏం, తప్పిందా? నీ పరీక్షలో దేవదూతలకే మార్కులు రావులే.”

ఆమె చెప్పింది. కూతురు అన్నది అన్నట్టు, తన మాట ఒక్కటీ కలపకుండా చెప్పింది. యంత్రం మోగుతూనే ఉంది. ఆయన వెన్ను మెల్లగా కుర్చీకి ఆనుకుంది.

“ఆమెన్ అంటానంది కదా?”

“అంది.”

“మరి నాకెందుకు చెప్పావు?”

“మీకు తెలియకుండా మిమ్మల్ని...”

“తెలియకుండానే ఉండాల్సింది.” ఊపిరి కోసం ఆగి, మళ్లీ అందుకున్నాడు. “నా దిండు గలీబు మీద రక్తం మరకలు నేను లేవకముందే మార్చేస్తున్నావు. నాకు తెలీదనుకుంటున్నావు. అది దాచడం చేతనయింది నీకు. ఇది దాచలేకపోయావా?”

ఆయన వంటగది వైపు చూశాడు.

“పిట్టా, ఇలా రా.”

పిల్ల తడిచేతులతోనే వచ్చి నిలబడింది.

“నువ్వు పిడికెడంత ఉన్నప్పుడు నీ తరఫున నేను నమ్ముతున్నానన్నాను. నీకు తెలీదు. నిద్రపోతున్నావు. అది ఎప్పటికైనా నీ నోట వినాలని... సరే. ఇప్పుడు అడుగుతున్నాను. నమ్మకం ఉందా, లేదా?”

పిట్ట తల్లి వైపు చూసింది. కాదనమనో, అవుననమనో తల్లి ముఖంలో ఏదైనా కనపడితే బాగుండునని చూసింది. ఆ ముఖంలో ఏమీ లేదు. ఒకరి బదులు తాను జవాబు చెప్పడం చెకరమ్మకు ఎన్నడూ అలవాటు కాలేదు.

“లేదు నాన్నా. నువ్వు అడక్కపోయుంటే అనేసేదాన్ని.”

“నేనూ వినేసేవాణ్ణి,” అన్నాడాయన. నవ్వబోయాడు. అది దగ్గయింది. తల్లీకూతుళ్లు చెరోవైపు పట్టుకుని ముందుకు వంచి, వీపు మీద రాస్తూ చాలాసేపు నిలబడ్డారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ చర్చి ఊసు ఎత్తలేదు. కుర్చీ మోస్తామన్నవాళ్లకు అక్కర్లేదని కాలరక్క ద్వారా కబురు వెళ్లింది.

అభ్యంగనం రోజున పిట్ట తండ్రి దగ్గరే ఉండిపోయింది. చెకరమ్మ ఒక్కతే వెళ్లింది. పిల్లలు బలిపీఠం ముందు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి వెనకా జ్ఞానతల్లో జ్ఞానతండ్రో కుడిభుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. బిషప్‌గారు ఎప్పటిలాగే ఆమె వైపు తిరిగారు.

“వీళ్లంతా సిద్ధపడ్డారా? తమంతట తామే వచ్చారా?”

ఆమె వరసను ఒక చివరనుంచి ఇంకో చివరదాకా చూసింది. అందరూ ఆఖరి ప్రశ్నకు మంచి జవాబులే చెప్పినవాళ్లు. వాళ్లలో ఎంతమంది, ఏ జవాబు చెబితే టీచర్ ఒప్పుకుంటుందో అన్నలనో అక్కలనో అడిగి తెలుసుకుని వచ్చారో ఆమెకు తెలియదు. ఆ సంగతి తనకు తెలియదని ఆమెకు తట్టడం ఇదే మొదటిసారి. అబద్ధం చెప్పినవాళ్లెవరైనా ఉంటే వాళ్లు ఆ వరసలోనే ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్పిన ఒక్క పిల్లా ఇంట్లో ఉంది.

“వచ్చారు తండ్రీ,” అంది. ఆ మాట మునుపటంత స్థిరంగానే ఉందని విన్నవాళ్లు చెప్పారు.

తైలం వాసన బట్టలకు పట్టుకుని ఇంటిదాకా వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు గాని నిద్రపోలేదు.

“అయిందా?”

“అయింది.”

“జనం బాగా వచ్చారా?”

“వచ్చారు.”

“పిట్ట బయటికెళ్లింది, మందులకి. అది వచ్చేలోగా ఒకటి చెప్తాను విను. దాన్ని ఇక ఏమీ అడగొద్దు. నమ్ముతున్నావా అని, ఎందుకు నమ్మవని, ఎప్పటికీ అడగొద్దు. నేను పోయాక కూడా. నువ్వడిగితే నిజం చెప్తుంది. నిజం చెప్పి చెప్పి అలిసిపోతుంది. మాటివ్వు.”

ఆమె మాటిచ్చింది.

ఆయన ఆ చలికాలం దాటలేదు. ఫాదర్‌గారు వచ్చి చివరి అభ్యంగనం ఇచ్చినప్పుడు పిట్ట తండ్రి చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. ప్రార్థనల్లో పెదవి కదపలేదు. తల్లి చూసింది, ఏమీ అనలేదు. సమాధి దగ్గర కాలరక్క వచ్చి పిట్టను దగ్గరికి తీసుకుంది. చెకరమ్మతో మాత్రం, “వానొచ్చేలా ఉంది, పెద్దవాళ్లని త్వరగా పంపించు,” అని అంతే అంది.

ఏళ్లు గడిచాయి. మధ్యలో బిషప్‌గారు ఒకసారి వచ్చి వెళ్లారు. పిట్ట కళ్లజోళ్ల దుకాణంలో పనికి కుదిరింది. చెకరమ్మ ఫ్యాక్టరీలోనూ, చర్చి వెనక గదిలోనూ తన పని తాను చేసుకుంటూ పోయింది. ఒక్క మార్పు చేసుకుంది. ఆఖరి ప్రశ్న అడిగేది గాని, ఎవరినీ ఆపేది కాదు. విన్నది ఫాదర్‌గారికి చెప్పి ఊరుకునేది. బిషప్‌గారి ముందు జవాబు చెప్పే పని కూడా ఆయనకే అప్పగించింది. ఇంట్లో ఇచ్చినమాట తప్పలేదు. ఆదివారం పొద్దున తానొక్కతే బయల్దేరేది. వస్తావా అని గుమ్మం దగ్గర ఆగేది కాదు, వెనక్కి తిరిగి చూసేది కాదు. ఈ మౌనం పిల్లకు ఊరటగా ఉందనే ఆమె అనుకుంది.

మళ్లీ బిషప్‌గారు వస్తున్నారని తెలిసిన వారంలో, ఒక సాయంత్రం ఆమె ఆరిన దుప్పట్లు మడతపెడుతుంటే పిట్ట వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది.

“ఈసారి కూడా అందర్నీ అడుగుతావా అమ్మా?”

“అడుగుతాను.”

“నన్నడగవా?”

చెకరమ్మ చేతులు ఆగాయి.

“అడిగితే ఏం చెప్తానో నాకే తెలీదు,” అంది పిట్ట. “అప్పట్లా చెప్తానో, ఇంకోలా చెప్తానో. నువ్వడిగితేగాని నాకూ తెలిసేలా లేదు. ఇన్నాళ్లనుంచి చూస్తున్నాను, ఒక్కసారైనా అడుగుతావేమోనని. ఆ కాలరత్త కూడా అడుగుతుంది, నవ్వుతూ. నువ్వే అడగవు.”

“మీ నాన్నకి మాటిచ్చాను, నిన్నేమీ అడగనని.”

“నాన్న లేడు కదమ్మా.”

అడగాలని ఆమెకు లేకపోలేదు. ప్రశ్న గొంతుదాకా వచ్చిందని కూడా అనుకోవచ్చు. కానీ చనిపోయినవాడికి ఇచ్చిన మాటను ఎవరు సడలించగలరో ఆమెకు తెలియదు. తెలియని దాంట్లో చెయ్యి పెట్టడం ఆమె స్వభావంలో లేదు. దుప్పటి అంచులు కలిపి, ముడత లేకుండా అరచేత్తో అదిమింది.

పిట్ట ఆ మడత పూర్తయ్యేదాకా నిలబడింది. తర్వాత చెప్పులు వేసుకుని బయటికి వెళ్లింది. ఎక్కడికని తల్లి అడగలేదు.